ఉక్కు పక్షాన మాట్లాడిన అత్త

మా అత్త పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను నాగర్‌కర్నూల్‌లో, నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌లో, పిల్లల రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను. మా నాయిన ఫోన్ చేశాడు. సెల్‌ఫోన్‌లో మాట్లాడినా పక్క వీధికి వినపడేలా అరిచే మనిషి ఆయన. ఆ రోజు మెల్లగా, "అత్త పోయింది బిడ్డా" అన్నాడు. నేనేమో, "ఏ అత్త?" అన్నాను. నాకున్నదే ఒక్క మేనత్త. మనసు ఎంత మొండిదో చూడండి, వినదలచుకోని మాట వినపడినప్పుడు ఇలాంటి తెలివితక్కువ ప్రశ్న అడుగుతుంది.

"మన అత్తనే. పొద్దున లేసి మొఖం కడుక్కుంది. ఊపిరాడ్తలేదన్నది. ఆటో పిలిసేలోపట్నే పాయె" అన్నాడు నాయిన. ఆపరేషన్ తర్వాత కాలిలో గడ్డ కట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయిందని తర్వాత పెద్ద డాక్టర్లు చెప్పారు. తెలిసి మాత్రం ఏం లాభం?

గద్వాలకు బస్సెక్కాను. వనపర్తిలో ఆమె కాలేజీ పిల్లలు గుంపుగా ఎక్కారు. వాళ్ళలో కొందరు నాకు తెలుసు. నన్ను చూసి తలలు వంచుకున్నారు. మా వీధివాడే, నూలు సంచులతో వెనక సీటులో కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం ఉండబట్టలేక, "ఆ చిన్న డాక్టరే సంపిండంట గదమ్మా మీ అత్తను. కాలుకు నాసిరకం ప్లేటేసి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "తెల్వకుంటే ఊకోరాదు కాకా!" అన్నాను. బస్సంతా నా వైపు తిరిగింది. తిరగనీ. మా అత్త బతికి ఉన్నప్పుడు ఆ మాటను చంపడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు. ఆమె పోయిన పూటే అది మళ్ళీ లేచి కూర్చుంది.

ఆమె గురించి మీకు చెప్పాలి. తిన్నగా చెప్పగలనో లేదో తెలియదు.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. తాత నేసేవాడు, ఇప్పుడు నాయిన నేస్తాడు. ఇంట్లో మొదటి సంతానం అత్త. తెల్లవారకముందే వీధిలో పడుగు చాపి గంజి పెడుతుంటే, చిన్నప్పుడు ఆమె మా తాత వెనకే తిరుగుతూ, "గంజి పెడితే దారానికి బలం ఎందుకొస్తది? మెతుకులు మనం తింటే బలం, దారం తింటదా?" అని ప్రాణం తీసేదట. తాతకు జవాబు తెలియదు. "సదువుకో, నీకే తెలుస్తది" అనేవాడట. అన్నందుకు ఆయన మాట మీద నిలబడ్డాడు. వీధిలో వాళ్ళు, కులపోళ్ళు ఎంత వెక్కిరించినా, ఆమెను హైదరాబాదు పంపి ఇంజనీరింగ్ చదివించాడు. అదీ లోహాల చదువు. క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. సంబంధాలు వచ్చినప్పుడల్లా మా అవ్వ, "ఇనుము సదివింది" అని చెప్పేదట, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు. వచ్చినవాళ్ళు నీళ్ళు తాగి లేచిపోయేవారు. అత్త మాత్రం బాధపడింది లేదు. "పోనీ అమ్మా, వాళ్ళ కాఫీ మిగిలింది" అనేదట.

పై చదువు అయ్యాక చాలా ఏళ్ళు హైదరాబాదులోనే ఒక పరిశోధనశాలలో పని చేసింది. ఆమె పని అంతా విరిగినవాటితో. ఇరుసులు, బోల్టులు, గొలుసులు, బాయిలర్ గొట్టాలు ఎందుకు విరిగాయో చెప్పడం. డాక్టరేటు కూడా దాని మీదే చేసింది. రెండువేల సంవత్సరం దాటాక మన పాలమూరులో ఇంజనీరింగ్ కాలేజీలు మొలవడం మొదలయ్యాక, వనపర్తి దగ్గర ఒక కాలేజీవాళ్ళు రమ్మంటే వచ్చేసింది. అక్కడే ప్రొఫెసర్ అయింది. వారమంతా వనపర్తిలో అద్దె గదిలో ఉండేది. ఆదివారం గద్వాల వచ్చేది. వచ్చేటప్పుడు చేతిసంచిలో పండ్లు ఉండేవి కావు, విరిగిన ఇనుప ముక్కలు ఉండేవి. వాటిని రుమాలులో మూటగట్టి తెచ్చేది. పిల్లలం ఆశగా మూట విప్పేవాళ్ళం. ఒకసారి ట్రాక్టరు పిన్ను, ఒకసారి బోరు మోటరు షాఫ్టు ముక్క. మా తమ్ముడు ఏడ్చేవాడు.

ఆమె పర్సులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. గిన్నెల కొట్టుకు పోతే చాలు, అది బయటికి తీసి మంచి స్టీలైతే అంటుకోదని ప్రతి గిన్నెకూ ఆనించి చూసేది, తర్వాత వేలితో కొట్టి చెవి పెట్టి వినేది. గద్వాల బజారులో ఆమెను చూడగానే, "ప్రొఫెసరమ్మ వస్తుంది, ఆ మంచిరకం ముందట పెట్టుండ్రి" అని సైగలు చేసుకునేవారు. నాకు సిగ్గుగా ఉండేది. "అత్తా, కొనేది ఒక్క చెంబు" అంటే, "చెంబుకు ఇజ్జత్ ఉండదా?" అనేది.

ఇంకొకసారి పెబ్బేరులో బస్సు కోసం నిలబడ్డాం. బస్సు ఆగగానే ఈమె వంగి వెనక చక్రాల దగ్గర చూసి, బస్సు బరువు మోసే కమాన్ పట్టీకి పగులు ఉంది, ఈ బస్సు పోగూడదు అని డ్రైవరుకు అడ్డం నిలబడింది. కండక్టరు దిగి, "అమ్మా, నువ్వు ఎక్కుతవా ఎక్కవా? జర జల్ది చెప్పు, లేటయితుంది" అన్నాడు. ఆమె ఎక్కలేదు. నన్నూ ఎక్కనియ్యలేదు. ఎండలో నిలబడి, తర్వాతి బస్సులో వచ్చాం. బీచుపల్లి వంతెన దాటేదాకా నేను రోడ్డు మీద ఆ బస్సు పడి ఉందేమోనని చూస్తూనే ఉన్నాను. లేదు. అది నిక్షేపంగా గద్వాల బస్టాండులో నిలబడి ఉంది. మా నాయిన ఈ సంగతి విని వారం రోజులు ఆటపట్టించాడు. అత్త రొట్టె తుంచుకుంటూ, "ఇయ్యాల ఇరగలే. నేను ఇయ్యాల అని చెప్పిన్నా?" అంది. మర్నాడు డిపోకు పోయి మళ్ళీ చెప్పి వచ్చిందని మాకు తర్వాత తెలిసింది.

నేనూ ఆమె కాలేజీలోనే చదివాను. మేనకోడలినని తేలిగ్గా వదిలేసిందనుకుంటున్నారా? రాచిరంపాన పెట్టింది. మన కాలేజీల్లో ల్యాబ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని అంకెలు దించుకోవడం. మెషిన్ ఏ విలువ చూపించినా సరే, రికార్డులో మాత్రం పుస్తకంలో ఉన్న విలువకు పక్కనే ఉండాలి. అలా ఏళ్ళ తరబడి ఒకే ఉక్కు ముక్క ఒకే చోట విరుగుతూ ఉంటుంది. అత్త వచ్చాక ఒక పద్ధతి పెట్టింది. అంకెతో పాటు విరిగిన ముక్క కూడా తెచ్చి ఇవ్వాలి. ముక్కకూ అంకెకూ పొంతన లేకపోతే ఆ రోజు ల్యాబ్ చేయనట్టే. "రీడింగ్ తప్పొస్తే తప్పే రాయి. పక్కోని రైటు కన్న నీ తప్పు మేలు" అనేది. పిల్లలు మొదట తిట్టుకున్నారు. యాజమాన్యం కూడా సణిగింది, పాస్ పర్సెంటేజీ పడిపోతుందని. ఆమె వినలేదు.

లోహం అలసట గురించి ఆమె చెప్పిన పాఠం ఇప్పుడు నా పిల్లలకు నేను చెబుతాను. ఒక్క దెబ్బకు విరగని ఉక్కు, చిన్న చిన్న బరువులు లక్షలసార్లు పడితే విరుగుతుంది. దాన్ని ఆమె బోర్డు మీద గీతలతో మొదలుపెట్టేది కాదు. "మా అమ్మ ఎన్నడూ మూటలు మొయ్యలే. రాట్నం మీద కండెలు సుట్టింది, అంతే. దూది అంత బరువు. దినాం సుట్టింది. ఇయ్యాల చెయ్యి లేవదు. ఏ పొద్దు పోయిందా చెయ్యి అంటే ఎవ్వరు చెప్తరు?" అనేది. ఒకసారి వెనక బెంచీలో అమ్రాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్ల, వాళ్ళమ్మ నడుము గుర్తొచ్చిందేమో, ఏడ్చింది. అత్త చూసీ చూడనట్టు బోర్డు వైపు తిరిగింది.

ఇక ఆ కాలు సంగతి.

ఆదివారాల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆమె కాసేపు మగ్గం మీద కూర్చునేది. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించుకుని నేయాలి. పుట్టినప్పటి నుంచి ఆ గుంట చుట్టూ తిరిగినవాళ్ళం మేము, కళ్ళు మూసుకుని దాటుతాం. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం కరెంటు పోయింది. అత్త దీపం తేవడానికి లేచి, ఆ గుంటలోనే కాలు జారి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. మా ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ జరుగుతుంది చెప్పండి ఇలా?

గద్వాలలో అప్పటికి కొత్తగా ఒక ఎముకల డాక్టరు దవాఖాన పెట్టాడు. అమరచింత వైపు రైతు కుటుంబం పిల్లవాడు. వయసు చిన్నది కాబట్టి ఊరంతా చిన్న డాక్టరు అనేవారు. ఆయనే ఆపరేషన్ చేసి, ఉక్కు ప్లేటు వేసి, స్క్రూలు బిగించాడు. "మేడం, నేను చెప్పేదాంక ఈ కాలు కింద పెట్టొద్దు. కర్రలతోనే నడవాలె. ప్లేటు ఉన్నది గదా అని బరువు ఎయ్యొద్దు" అని ఆయన చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అత్త నవ్వి, "నాకు చెప్తున్నవా డాక్టరూ? ప్లేటు బొక్కకు తోడు, బదులు కాదు. నేను పిల్లలకు చెప్పే పాఠమే అది" అంది.

చెప్పే పాఠమే. కానీ ఏమైంది? కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. ల్యాబ్ పై అంతస్తులో ఉంది. తను లేకపోతే పిల్లలు మళ్ళీ పాత రికార్డులు దించుతారని ఆమె భయం. వేరేవాళ్ళకు అప్పగించమంటే అప్పగించదు. వనపర్తి గదికి మారి, అక్కడి నుంచి ఆటోలో కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. మెట్ల మీద కర్రలు ఇబ్బందిగా ఉన్నాయని, ఒక కర్ర కింద వదిలి, రెండో చేత్తో గోడ పట్టుకుని ఎక్కేది. తర్వాత ల్యాబ్‌లో బల్లల మధ్య ఆ ఒక్క కర్ర కూడా వదిలేసింది. నొప్పి పెద్దగా లేదు. డాక్టరు అడిగితే, "కాలు కింద పెట్టలే" అని చెప్పింది. అవును, మా అత్తే. ఎవరి దగ్గరా ఒక్క తప్పు అంకె ఒప్పుకోని మా అత్తే ఆ మాట చెప్పింది.

ఒకరోజు మెట్లు దిగుతుంటే, పిల్లలు చెప్పారు, టక్కుమని చప్పుడు వినపడిందట. ఆమె మెట్టు మీద కూలబడిపోయింది. పిల్లలు భయపడి చుట్టూ చేరితే, ముఖమంతా చెమటతో, "బొక్క కాదురా, ఇది ప్లేటు చప్పుడు" అందట.

ఆ సాయంత్రానికే మా ఇల్లు, మా వీధి భగ్గుమన్నాయి. నాసిరకం ప్లేటు అన్నారు. కొత్త డాక్టరు అన్నారు, చేతకానోడన్నారు. మా నాయిన కులపోళ్ళను వెంటేసుకుని దవాఖాన ముందుకు పోయాడు. "మా అక్క కాలు పాడు చేసినవ్ గదరా! గద్వాలల దవాఖాన ఎట్ల నడుపుతవో నేను సూస్త!" అని అరిచాడు. పక్కనున్న ఎవరో బోర్డు మీద రాయి వేశారు. డాక్టరు బయటికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్లేటు మంచిదే అన్నా, నాకు తెలిసి మంచిదే. ఎందుకిరిగిందో నాకు తెల్వదు" అన్నాడు. తెలియదన్న మాటే ఆయనకు శత్రువైంది. తెల్లారేసరికి ఊరంతా అదే కథ. దవాఖాన ముందు చెప్పులు విడిచేవాళ్ళే కరువయ్యారు. కొత్తగా ఊళ్ళో నిలదొక్కుకుంటున్న మనిషి. అలాంటి పేరు ఒకసారి పడితే మా దగ్గర మళ్ళీ లేవడు.

అత్తను కర్నూలు తీసుకుపోయాం. విరిగిన ప్లేటు తీసి, కొత్తది వేశారు. మత్తు దిగగానే ఆమె అడిగింది నీళ్ళు కాదు. "నా ప్లేటేది?" అంది. నర్సు చిన్న డబ్బాలో రెండు ముక్కలూ తెచ్చి ఇచ్చింది. నేను ముక్కలను ఒకదానికొకటి తాకించబోతే నా చేతి మీద కొట్టింది. "ఇరిగిన మొఖాలు కల్పొద్దు. గీతలు చెడిపోతయి." నాయిన గోడ దగ్గర నిలబడి, "కేసు ఏస్తున్నం అక్కా, నువ్వు సంతకం పెడితే చాలు" అన్నాడు. ఆమె ముక్కల మీద నుంచి కళ్ళు ఎత్తకుండా, "ముందుగాల దీన్ని అడగనియ్యి. దీనికి తెల్వని సంగతి నీకేం తెలుసు?" అంది.

కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే, నా చేత సెలవు పెట్టించి, చక్రాల కుర్చీలో తన ల్యాబ్‌కు వచ్చింది. పిల్లలే కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లు ఎక్కించారు. ఒక ముక్క చివర కోసి, నునుపు చేసి, మందు పూసి, లోపల లోహపు రవ్వల అమరిక ఎలా ఉందో చూశాం. గట్టిదనం కొలిచాం. అంతా ఉండాల్సినట్టే ఉంది. ఇక విరిగిన ముఖం మిగిలింది. ఆమె నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టింది. తను చూడలేదు.

"ఇది ఎవరి కాలుదో మర్సిపో. బజార్ల దొరికిందనుకో. ఏం కనవడ్తుంది?"

"గీతలు."

"ఎట్లాంటియి?"

"కుంటల నీళ్ళు తగ్గుకుంట పోతే ఒడ్డు మీద మిగుల్తయి సూడు, అట్లాంటియి. ఒకదాని పక్కన ఒకటి."

"యాడ మొదలైనయి?"

"స్క్రూ బెజ్జం అంచు కాడ."

"ఆడ గుంత గిట్ల ఉందా? గీరుడు? మచ్చ?"

"లేదు."

"సక్కగ సూడు."

"సక్కగనే సూసిన అత్తా. ఏం లేదు."

ఆ గీతలు అంటే ఏమిటో ఆ గదిలో మా ఇద్దరికీ తెలుసు. ఒక్క దెబ్బకు, నాసిరకం లోహమై విరిగి ఉంటే అలా ఉండదు. అడుగు అడుగుకూ కొంచెం కొంచెంగా పగులు పాకిందన్న మాట. ఎముక ఇంకా అతకని కాలి మీద, ఆమె ల్యాబ్‌లో నడిచిన నడక అంతా ఆ ఉక్కు మీద గీతలై ఉంది. ఆమె కుర్చీ తోసుకుని వచ్చి, మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించి తనూ చూసింది. చాలాసేపు చూసింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, "పాపం, ఇది మోసినంత మోసింది. నేనే ఇరగ్గొట్టిన" అంది.

నాకు ఏడుపొచ్చింది. "ఎవ్వరు అడిగిండ్రు అత్తా మనల్ని? కేసు ఎయ్యొద్దని చెప్పు, సాలు. ఇది బయటికి సెప్పుడు ఎందుకు? ఇంత పెద్ద ప్రొఫెసర్ గిట్ల చేసిందా అని నవ్వరా?"

"నవ్వుతరు" అంది. "నవ్వనీ. ఆ పిల్లగాడు అడుగుతలేడా? నోరు తెరిసి అడుగుతలేడు, అంతే."

ఇంటికి వచ్చి అందరి ముందరా చెప్పింది. ప్లేటు మంచిది, ఆపరేషన్ మంచిగ చేసిండు, కాలు పెట్టొద్దంటే పెట్టింది నేను, పెట్టలేదని అబద్ధం చెప్పింది కూడా నేనే అని. కులపోళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెల్లగా జారుకున్నారు. నాయిన మాత్రం కుతకుత ఉడికిపోయాడు. "నలుగుట్ల నిలవడి వాడ్ని తిట్టిన అక్కా! నా ఇజ్జత్ ఏం గావాలె?"

"తిట్టినోనివి నువ్వు. ఇరగ్గొట్టుకున్నదాన్ని నేను. ఇద్దరం కలిసి ఆయన కాడికి పోదాం పా."

నాయిన పోలేదు. అక్కతో మాట్లాడటమే మానేశాడు. అత్త ఒక్కతే పోయింది. కర్నూలు డాక్టర్లు కట్లు మార్పించుకోవడానికి అక్కడికే రమ్మన్నా వినకుండా, "నా కాలు చిన్న డాక్టరే సూస్తడు" అని పట్టుబట్టింది. దవాఖాన లోపల ఖాళీ కుర్చీలు ఉన్నా లోపల కూర్చునేది కాదు. వీధిలోకి ఉన్న బయటి బల్ల మీద, కట్టు కట్టిన కాలు బారజాపుకుని, పోయేవాళ్ళకూ వచ్చేవాళ్ళకూ కనపడేలా కూర్చునేది. ఎవరైనా ఆగి, "ఏందమ్మా, మళ్ళ ఈడికే వస్తున్నవా?" అంటే, "ఆయన తప్పు లేదమ్మా, నా మొండితనం" అని మొదటి నుంచి చెప్పేది. అడగనివాళ్ళను కూడా పిలిచి చెప్పేది. జనం నవ్వారు. "ఇనుము సదివి ఇనుమునే ఇరగ్గొట్టుకుంది" అని మా వీధిలోనే వెక్కిరించారు. ఆమెకు తెలుసు. ఒకరోజు ఆటోలో వస్తూ నా చెయ్యి పట్టుకుని, "జర సిగ్గయితుందే" అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు లేవు గానీ, ఆమెను రెండు చేతులా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టేది నాయినే. డ్రైవరు పక్కన, ముఖం అటు తిప్పుకుని కూర్చునేవాడు. దవాఖాన వచ్చాక, దించి, పాన్ డబ్బా దగ్గరికి పోయి నిలబడేవాడు. ఆ గడప మాత్రం తొక్కలేదు. ఆమె బల్ల మీద నుంచి తమ్ముణ్ణి చూసేది. పిలిచేది కాదు. "వస్తడు. టైం పడ్తది" అనేది నాతో. మెల్లమెల్లగా దవాఖానకు మళ్ళీ మనుషులు రావడం మొదలైంది. అంతా రాలేదు. సగం మంది ఇంకా అనుమానంగానే చూసేవారు. కాలు కుదురుకుంటోందని, మళ్ళీ కాలేజీకి పోవచ్చని చిన్న డాక్టరు అన్న వారానికే ఆమె పోయింది.

నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది అని రాయాలని ఉంది, కానీ లేదు. ఏదో చెప్పబోతూ ఆగినట్టు నోరు కొంచెం తెరిచి ఉంది. నేను పడి ఏడ్చాను. బస్సులో విన్న మాటే వాకిట్లోనూ తిరుగుతోంది. ఇద్దరు ముగ్గురు యువకులు నాయిన చుట్టూ చేరి, "ఊ అను మామా, ఇప్పుడే పోయి దవాఖాన సంగతి సూస్తం" అంటున్నారు. నాయిన తడి బట్టలతో నేల వైపు చూస్తున్నాడు. నాయిన ఊ అనలేదు. వద్దనీ అనలేదు.

శవం లేచింది. వీధి మలుపు దగ్గర చిన్న డాక్టరు నిలబడి ఉన్నాడు. చేతిలో పూలదండ కూడా లేదు. ఆయనను చూసి జనం గొణిగారు. ఎవరో, "ఏం మొఖం పెట్టుకొని వచ్చినవురా?" అన్నారు. ఆయన వెనక్కి పోలేదు. అందరికన్నా వెనకగా, ఆమె కాలేజీ పిల్లల పక్కన నడిచాడు.

ఊరి చివర దింపుడు కల్లం. అక్కడ పాడె దించి, పోయినవాళ్ళను చివరిసారి చెవిలో పిలిచి చూడటం మా ఆనవాయితీ. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారని. ఆడవాళ్ళం అక్కడిదాకే. నాయిన నిప్పుకుండ కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "అక్కా!" అన్నాడు. ఎన్నో వారాల తర్వాత ఆమెను పిలవడం అదే. రెండోసారి ఇంకొంచెం వంగి పిలిచాడు. మూడోసారి ఆయన పిలిచిన పిలుపుకు అక్కడున్న వాళ్ళెవరూ కళ్ళు ఎత్తలేకపోయారు.

నాయిన లేచాడు. మళ్ళీ పాడె ఎత్తడానికి కులపోళ్ళు ముందుకు వచ్చారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. జనం మీదుగా చూసి, "డాక్టర్ సాబ్, ఇటు రా" అన్నాడు.

"కులం గాదు గదా, వాడెట్ల పాడె పడ్తడు?" అని ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు.

"మా అక్క కాలు పట్టినోడు. భుజం పట్టొద్దా?" అన్నాడు నాయిన. అరవలేదు. మామూలుగానే అన్నాడు.

డాక్టరు వచ్చి ముందు వైపు నిలబడ్డాడు. నాయిన తన ఒంటి మీది తడి కండువా తీసి, మడత మీద మడత పెట్టి, వెదురు ఒరుసుకోకుండా ఆయన భుజం మీద వేశాడు. తనే రెండు చేతులతో వెదురు ఎత్తి దాని మీద ఆనించాడు. తర్వాత వంగి నిప్పుకుండ అందుకుని, వెనక్కి చూడకుండా నడిచాడు.

డాక్టరు మనిషి పొడుగు. ఆయన నిలబడగానే పాడె ఒక వైపు లేచింది. అది చూసుకుని ఆయన మోకాళ్ళు వంచాడు. మిగతా ముగ్గురి ఎత్తుకు సమానం అయ్యేదాకా వంచి, అలాగే వంగి నడవడం మొదలుపెట్టాడు. మేము రోడ్డు మీద నిలబడి చూస్తున్నాం. తుమ్మచెట్ల వెనక దారి మలుపు తిరిగేదాకా ఆయన మోకాళ్ళు నిటారు చేయలేదు.